పార తగలని మడి, గడపకు వచ్చే గంప

"దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం అన్నారు పెద్దలు. తవ్వకుండా దున్నకుండా కాయించారటరా యీ వంకాయలు?" అన్నది మా అమ్మ, గంపలోని కాయ నొకదాన్ని వేలితో నొక్కి చూస్తూ. "తవ్వనివాడికి నేలతల్లి ఏం పెడుతుంది?"

ఆ గంప ఆవేళే మొదటిసారి మా గడప తొక్కింది. కాకినాడనుంచి సామర్లకోట వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఒక కుర్రజంట అరెకరం కౌలుకు తీసుకుని కూరలు పండిస్తున్నారు. అబ్బాయి హైదరాబాదులో ఏడేళ్ళు ఆఫీసు వుద్యోగం చేసి, అది వదులుకుని వచ్చాడు. పురుగుల మందు కొట్టరు, బస్తాల ఎరువు వెయ్యరు. అంతవరకు వింతేమీ లేదు; అలాటివాళ్ళ మాట యీ రోజుల్లో తరచు వింటూనే వున్నాం. వింత ఏమిటంటే, మడి ఒకసారి కట్టిన తరువాత వాళ్ళు మళ్ళీ దాన్ని తవ్వరు. నేలను తిరగెయ్యరు. పండిన కూరను బజారుకు తోలరు. మంగళవారం, శనివారం తెల్లవారగానే కోసి, ఎండ ముదరకముందే నలభై యిళ్ళకు చేరుస్తారు. నెలకు 1,200 రూపాయలు ముందుగా యివ్వాలి. గంపలో ఏది వస్తే అది వండుకోవాలి.

మా ఆవిడ ఈ ఏర్పాటుకు ఒప్పుకుని డబ్బు కట్టివచ్చింది. మా అమ్మ పల్లెటూరి రైతుబిడ్డ. ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఇద్దరి మధ్యా నేను! వంటింట్లో తీర్పు చెప్పగల ధైర్యం నాకు లేదు గనుక పుస్తకాలమీద పడ్డాను. పడ్డందుకు నష్టపోలేదు. కథ నేననుకున్నదానికంటే పాతది, రసవత్తరమైనదీను.

పియానో విన్న వానపాములు

ఈ కథకు మొదటి నాయకుడు వానపాము. దానికి ఆ గౌరవం కట్టబెట్టినవాడు చార్లెస్ డార్విన్. మనిషి పుట్టుకనుగురించి లోకంతో పెద్ద పేచీ పెట్టుకున్న ఆ మహానుభావుడు చివరి రోజుల్లో వానపాములమీద పుస్తకం రాశాడు. అది 1881లో అచ్చయింది. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశాడు.

ఇంట్లో కుండీలలో వానపాములను పెంచి ఆయన చేసిన పరీక్షలు చదువుతుంటే నవ్వు వస్తుంది. వాటికి చెవులున్నాయేమో చూడాలని కొడుకుచేత బాసూన్ వాయించాడు. అవి చలించలేదు. కుండీని పియానోమీద పెట్టి మీట నొక్కగానే మాత్రం చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. చెవులు లేవు గాని అదురు తెలుస్తుందన్నమాట!

అసలు సంగతి యిది కాదు. 1842లో డార్విన్ తన యింటి దగ్గిరి పొలంలో సుద్దముక్కలు వెదజల్లించాడు. ఇరవైతొమ్మిది సంవత్సరాలు ఓపిక పట్టి, 1871లో అక్కడ కందకం తీయించి చూశాడు. సుద్ద చార నేలకు ఏడు అంగుళాల లోతున కనిపించింది. ఎవరూ దాన్ని పూడ్చలేదు. వానపాములు కిందిమట్టి తిని, పైకి వచ్చి విసర్జించి, ఏడాదికి ఏడాది కొత్తమట్టి పరుస్తూ పోయాయి. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వాటి కడుపుగుండా పోతుందని ఆయన లెక్క కట్టాడు. మనిషి నాగలి కనిపెట్టకముందే నేల దుక్కి అవుతూ వుండేదని తేల్చాడు.

అంటే మా అమ్మ చెప్పిన సామెత తప్పు కాదు. దుక్కి కొద్దీ పంటే. ఆ దుక్కి ఎవరు దున్నుతున్నారన్నదే ప్రశ్న.

తవ్వితే ఏమవుతుంది?

మంచి మట్టిని చేతిలోకి తీసుకుంటే పిండిలా రాలిపోదు, రాయిలా బిగిసీ వుండదు. రవ్వలడ్డు చిదిపినట్లు పలుకులు పలుకులుగా విడుతుంది. ఆ పలుకులను అంటించి వుంచేవి వేళ్ళు, వానపాముల జిగట, కంటికి ఆనని బూజుపోగులు. ఈ పోగులలో కొన్ని మొక్కల వేళ్ళతో పొత్తు కలిపి, వేరు చేరలేని చోటునుంచి నీటిని, భాస్వరాన్ని తెచ్చి యిస్తాయి. ప్రతిఫలంగా మొక్క వాటికి తాను వండిన చక్కెర పెడుతుంది. ఇరుగుపొరుగులు పంచదారా, కాఫీపొడీ యిచ్చిపుచ్చుకున్నట్లే!

పార దిగితే యీ పోగులు తెగుతాయి, బొరియలు మూసుకుపోతాయి. గాలి ఒక్కసారిగా లోపలికి జొరబడటంతో మట్టిలోని జీవపదార్థం త్వరత్వరగా కుళ్ళి ఆవిరైపోతుంది. ఆ కుళ్ళటంలో విడుదలయ్యే సారంవల్లనే కొత్తగా దున్నిన నేల ఒక ఏడు బాగా పండుతుంది. అది చూసి మనం మురుస్తాం. అది వడ్డీ కాదు, అసలులో తీసి ఖర్చు పెట్టుకోవటం.

మరొక నష్టం కలుపు. మట్టిలో యేళ్ళ తరబడి నిద్రపోతున్న కలుపు గింజలు కోకొల్లలు. వాటిలో చాలావాటికి వెలుతురు తగిలితేనే మెలకువ. తవ్విన ప్రతిసారీ కొన్నివేల గింజలకు మేలుకొలుపు పాడుతున్నామన్నమాట. పైగా కప్పులేని నేల ఎండకు మాడుతుంది, పెద్దవానకు కొట్టుకుపోతుంది. 1930లలో అమెరికా మధ్యమైదానాలలో గడ్డినేలను ఎడాపెడా దున్ని, వానలు ముఖం చాటేసేసరికి ఆ మట్టి మబ్బులుగా లేచిపోయింది. ఆ దుమ్ము 1934లో వందలాది మైళ్ళు దాటి తూర్పుతీరం నగరాలమీద రాలింది. ఆ తరువాతనే, 1943లో, ఎడ్వర్డ్ ఫాక్‌నర్ అనే వ్యవసాయ వుద్యోగి "నాగలివాడి తెలివితక్కువ" అని అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాసి పెద్ద దుమారం లేపాడు.

నాగలివాడు రాని రోజు

ఆ మరుసటి వసంతంలోనే అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక గృహిణి విసిగిపోయి తోటలో నిలబడింది. పేరు రూత్ స్టౌట్. డిటెక్టివు నవలలు చదివేవారికి నీరో వుల్ఫ్ కథలు రాసిన రెక్స్ స్టౌట్ తెలిసే వుంటాడు; ఆయనకు యీవిడ అక్కగారు. ఏటా దున్నేవాడికోసం ఎదురుచూడటం, అతను రాకపోవటం, వస్తే యంత్రం చెడిపోవటం! పదునాలుగేళ్ళుగా యిదే తంతు.

1944లో ఆ రోజున ఆవిడ చూపు తోటలోని ఆస్పరాగస్ మడిమీద పడింది. అది ఏటేటా తనంతట తానే మొలిచే కూరమొక్క. దాన్ని ఎవరూ దున్నరు. అయినా నిక్షేపంలా లేస్తున్నది. దానికి అక్కరలేని దుక్కి బఠాణీలకు మాత్రం ఎందుకు? ఆవిడ నాగలివాడికి స్వస్తి చెప్పి గింజలు నాటేసింది. నేలంతా ఎండుగడ్డితో మందంగా కప్పింది. కలుపు గడ్డి కింద ఊపిరాడక చచ్చింది, తడి నిలిచింది, కింది గడ్డి కుళ్ళి ఎరువైంది. 1955లో ఆవిడ రాసిన పుస్తకం పేరులోనే నడుము నొప్పి లేకుండా తోట పెంచటం అన్న మాట వుంది. తొంభైయారేళ్ళు బతికి 1980లో పోయిందంటే, ఆ నడుము సంగతి నమ్మవచ్చు ననుకుంటాను.

ఇండోరునుంచి సోమర్సెట్ దాకా

ఈ కథలో మన దేశానికి పెద్దపీట వుంది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయానికి వచ్చాడు. మనవాళ్ళకు వ్యవసాయం నేర్పటానికి వచ్చినవాడు, మన రైతుల దగ్గిరే తాను నేర్చుకున్నానని ఒప్పుకున్న పెద్దమనిషి. 1924నుంచి ఇండోరులో వుండి ఆకులు, చెత్త, పేడ, మట్టి పొరలు పొరలుగా పేర్చి, తిరగేసి, కొద్ది నెలలలో ఎరువు చేసే పద్ధతిని కుదిర్చాడు. అదే "ఇండోరు పద్ధతి" పేరిట దేశదేశాలు పాకింది. ఆయన 1940లో రాసిన గ్రంథం సేంద్రియ వ్యవసాయానికి మూలగ్రంథాలలో ఒకటి.

చెత్తను ఎరువు చెయ్యటం వచ్చాక, దాన్ని మట్టిలో కలపాలా, పైన పరిస్తే చాలా అన్న ప్రశ్న పుట్టింది. ఇంగ్లండులో లెవెన్స్‌హాల్ అనే పాత భవంతి తోటమాలి ఎఫ్. సి. కింగ్, 1946లో "తవ్వటం అవసరమా?" అని ప్రశ్నించే పేరుతోనే ఒక చిన్న పుస్తకం వేశాడు. జపానులో మసనోబు ఫుకువోకా అనే మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు వుద్యోగం వదిలి సొంతవూరు చేరి, దున్నకుండానే వరి, బార్లీ పండించి, 1975లో గడ్డిపరక పేరుమీద ఒక పుస్తకం రాశాడు. 1988లో ఆయనకు రామన్ మెగసెసే బహుమతి వచ్చింది.

ఇక కూరగాయల మడులమీద నలభై యేళ్ళకు పైగా యిదే పనిగా వున్నవాడు సోమర్సెట్ ప్రాంతపు చార్లెస్ డౌడింగ్. 1980లలో మొదలుపెట్టాడు. ఆయన మాటలకంటె ఆయన తూకం నాకు నచ్చింది. 2013నుంచి రెండు మడులు పక్కపక్కన పెట్టాడు. ఒక్కొక్కటి ఒకటిన్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. రెండింటికీ ఒకే కొలత ఎరువు, ఒకే మొక్కలు. ఒకదాన్ని ఏటా తవ్వి ఎరువు లోపల వేస్తాడు. రెండోదాన్ని ముట్టుకోకుండా ఎరువు పైన పరుస్తాడు. కోసిన ప్రతి ఆకునూ తూచి రాసుకుంటాడు. కొన్ని పంటలకు కొన్నేళ్ళు తవ్విన మడే కాస్త మొగ్గు చూపింది. మొత్తంమీద తవ్వని మడిదే పైచెయ్యి. కలుపు కూడా దానిలోనే తక్కువ.

తేడా బ్రహ్మాండమైనది కాదు. కాని ఆలోచించండి: తవ్విన చాకిరీకి ఫలితం పెరగకపోగా కొంత తగ్గిందంటే, ఆ చాకిరీ ఎవరికోసం చేసినట్లు?

మన పెరట్లో ఒక మడి

పెద్ద పొలం మాట రైతులకు వదిలేసి, పెరటి సంగతి చూద్దాం. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు చాలు. వెడల్పు అంతకు మించకూడదు. రెండు పక్కలనుంచీ చెయ్యి అందాలి. మడిలో కాలు పెట్టకూడదు. కాలు పెడితే మట్టి గట్టిపడి మళ్ళీ పార అడుగుతుంది.

ముందు గడ్డిని నేల మట్టానికి కోసెయ్యండి, పీకకండి. దానిమీద అట్టలు పరవండి. ఆన్‌లైను బేరాల పుణ్యమా అని యిప్పుడు అట్టపెట్టె లేని యిల్లు లేదు గదా! వాటి ప్లాస్టికు పట్టీలు, పిన్నులు తీసెయ్యాలి. మెరుగు పూసిన రంగుల అట్టలు వద్దు. ఒక అట్టమీదకి మరొకటి జానెడు ఎక్కాలి. సందు దొరికితే గడ్డి తల దూరుస్తుంది. బాగా తడిపి, పైన బాగా మాగిన పశువుల ఎరువో, చెత్త ఎరువో నాలుగంగుళాల మందాన పరవండి. పైన చెప్పిన కొలతకు సుమారు 300 లీటర్లు, అంటే యిరవై లీటర్ల బకెట్లతో పదిహేను పడుతుంది. పచ్చిపేడ పనికిరాదు, వేళ్ళు మాడిపోతాయి.

వంగ, టమాటా, మిరప నారు ఆ ఎరువులోనే నాటవచ్చు. తోటకూర, మెంతికూర, పాలకూర అక్కడే చల్లవచ్చు. కొన్ని నెలలలో అట్ట మెత్తబడి వానపాములకు ఆహారమవుతుంది. వేళ్ళు కిందికి దిగుతాయి. మొక్కలు బలపడ్డాక వాటి మధ్య ఎండుటాకులు, వరిగడ్డి, చెరకుచెత్త, దొరికినదేదో కప్పండి. మన ఎండకు యీ కప్పే గొడుగు. పంట అయిపోయిన మొక్కను వేళ్ళతో పెరక్కండి. మొదలు కోసి, వేళ్ళను లోపలే కుళ్ళనివ్వండి. అవి కుళ్ళిన దారులే తరువాతి మొక్కకు రహదారులు. ఏడాదికొకసారి అంగుళం, అంగుళంన్నర ఎరువు పైన పరిస్తే సరి.

ఇది చదివి చాకిరీ లేని సేద్యమని సంబరపడేవారికి ఒక హెచ్చరిక. తవ్వకం తప్పుతుంది గాని మోత తప్పదు. మొదటి ఏడు అంత ఎరువు ఎక్కడనుంచి తేవాలన్నదే అందరికీ ఎదురయ్యే చిక్కు. తుంగ, గరిక వున్న నేలలో ఒక్క అట్టతో పని కాదు. అవి పొడుచుకుని వచ్చినప్పుడల్లా ఓపికగా తీస్తూ, ఒకటి రెండేళ్ళు పోరాడాలి. చెదలున్నచోట ఎండుగడ్డి ఎక్కువ పెట్టి తడి చూడకపోతే వాటికి విందు చేసినట్లే. ఇంగ్లండువారికి నత్తల బెడద గనుక గడ్డి కప్పరు, మాగిన ఎరువే పరుస్తారు; మన వానాకాలంలోనూ కప్పు పలచగా వుంచటమే మేలు. సూత్రం ఒకటే అయినా, దేశాన్నిబట్టి, కాలాన్నిబట్టి నడుచుకోవాలి.

మన రాష్ట్రంలో ఇదే దారిలో పెద్ద ప్రయత్నం సాగుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయంలో నేలను వీలైనంత తక్కువ కదపటం, ఏడాది పొడుగునా ఏదో ఒక పంటతోగాని చెత్తతోగాని కప్పి వుంచటం ముఖ్యసూత్రాలు. పేడ, ఆవు పంచితం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టే జీవామృతం చాలా యిళ్ళకు పరిచితమే. 2024లో పోర్చుగల్‌వారి గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో యీ కార్యక్రమం ఒకటి.

గంప మనకు కొత్తా?

ఇక రెండో సగం: పండిన కూర గడపకు రావటం. మా అమ్మ దీన్ని విని నవ్వింది. "గంప గడపకు రావటం కొత్తేమిట్రా? మన ఆకుకూరల మామ్మ చేస్తున్నదేమిటి?"

నిజమే. పాతికేళ్ళుగా ఒక మామ్మ గోంగూర, బచ్చలి, పొన్నగంటి నెత్తిన పెట్టుకుని మా వీధికి వస్తున్నది. మనం పోగొట్టుకుంటున్నదాన్నే పైదేశాలవాళ్ళు వెతుక్కుని కొత్తగా పేర్లు పెట్టుకున్నారు. జపానులో పురుగుమందుల భయంతో తల్లులు కూడి, రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. 1970లలో అది "తేయికేయి" అనే వుద్యమమైంది. పండినదంతా మేం తీసుకుంటాం, ధర యిద్దరం కూర్చుని తేల్చుకుందాం అన్నవి 1978లో వాళ్ళు రాసుకున్న నియమాలలో వున్నాయి. 1986లో అమెరికాలో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు తోటలు, ఇరుగుపొరుగు కుటుంబాలు ముందుగా డబ్బు కట్టి పంటలో వాటా తీసుకునే పద్ధతి మొదలుపెట్టాయి. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు రైతు గై వాట్సన్ 1993లో కొద్దిమంది మిత్రుల యిళ్ళకు కూరల పెట్టెలు మోసి మొదలుపెట్టిన వ్యాపారం, వారానికి వేలకు వేల పెట్టెలు చేరవేసే సంస్థగా పెరిగింది. మనకూ 1999లో రైతుబజార్లు వచ్చి, రైతుకూ వినియోగదారుకూ మధ్య అడ్డుగోడ కొంత తొలిగింది.

ఎందుకీ తాపత్రయం? తోటకూర కోసిన గంటనుంచే వాడటం మొదలు. దానిలోని సి విటమిన్ కూడా అప్పటినుంచే తరుగుతుంది. ఎండలో లారీమీద, మార్కెట్లో, దుకాణంలో గడిపి మన చేతికి వచ్చేసరికి బరువు మిగిలినా సారం మిగలదు. దూరం పోవలసిన టమాటాను పచ్చిగా కోయాలి. దగ్గిర తినే టమాటాను చెట్టున పండనివ్వవచ్చు. చేతులు మారిన ప్రతిచోటా ఒక వాటా పోయి రైతుకు చిల్లర మిగులుతుంది. మందు కొట్టని కూరకు మరో చిక్కు: చూపుకు అంత నదరుగా వుండదు. బజారులో పుచ్చువంకాయకు పక్కన నిలబడి సంజాయిషీ చెప్పేవాడుండడు. గడపదగ్గిర వుంటాడు.

ఇదంతా బాగానే వుంది గాని, మా అమ్మ వేసిన రెండో ప్రశ్నకు నా పుస్తకాలలో సమాధానం దొరకలేదు. "ఆ కుర్రాళ్ళ గంప వస్తే, యిన్నేళ్ళు మన గడపకు వచ్చిన మామ్మ ఏమైపోవాలి?"

వాయుగుండం వచ్చిన వారం

ఆ యేడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. శనివారం గంప వచ్చింది గాని, దానిలో ఒక సొరకాయ, ఒక అరటిపువ్వు, కాస్త కంద. అంతే. ఆకుకూర ఆకు లేదు. తరువాత మంగళవారమూ అంతే. ఆ పై వారం అబ్బాయి తల వంచుకుని చెప్పాడు: "బాబాయిగారూ, పద్నాలుగు యిళ్ళవాళ్ళు మానేశారండి. తప్పు వాళ్ళది కాదు. పిల్లలకు రోజూ సొరకాయ పెడితే తినరు గదండీ. ఈ నెల కౌలు ఎలా కట్టాలా అని చూస్తున్నాం. హైదరాబాదులో పాత ఆఫీసువాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు."

అతను వెళ్ళాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం కొంగు బిగించి వీధిలోకి బయలుదేరింది. ఆ పద్నాలుగు యిళ్ళలో మా వీధివే ఆరు. ప్రతి యింట్లోనూ ఆవిడ చెప్పిన మాట ఒక్కటే: "వదినగారూ, మనం డబ్బు కట్టింది గంపకు కాదు, తోటకు. శ్రావణంలో గంప పట్టక ఇరుగుపొరుగులకు పంచిపెట్టాం, అప్పుడు పైన డబ్బు యిచ్చామా? తక్కువొచ్చిన రెండు వారాలూ బజారులో కొనుక్కుందాం. తోట పోతే మాత్రం మళ్ళీ కొనుక్కోలేం."

ఆరు యిళ్ళలో నాలుగు తిరిగి వచ్చాయి. రెండు రాలేదు. వాళ్ళను తప్పు పట్టటానికి లేదు. నెలజీతంలో 1,200 అందరికీ ఒక్క బరువు కాదు.

మరుసటి ఆదివారం అందరం తోట చూడటానికి వెళ్ళాం, మా అమ్మతో సహా. కంచె పడిపోయింది, బొప్పాయిలు నేలకొరిగాయి. పక్కచేలో దున్ని వుంచిన నేల అడుసు అడుసుగా వుంది, దిగితే కాలు మడమ దాకా పోయింది. వీళ్ళ మడులలో నీరు ఇంకిపోయింది. పైనున్న కప్పు కాస్త చెదిరింది గాని కింది మట్టి కదలలేదు. రెండు రోజుల కిందట చల్లిన తోటకూర గింజ అప్పుడే ఎర్రగా కళ్ళు తెరుస్తున్నది. మా అమ్మ వంగి, గడ్డి పక్కకు తీసి, పిడికెడు మట్టి తీసుకుని నలిపి వాసన చూసింది. అందులోనుంచి ఒక వానపాము జారి కింద పడింది. ఏమీ అనలేదు. గడ్డి మళ్ళీ వున్నచోట సర్దింది.

మామ్మ బేరం

మామ్మ సంగతి తేల్చింది కూడా మా అమ్మే. అబ్బాయికి వున్న మరో యిబ్బంది గంపల చేరవేత. కోత సగంలో మోపెడ్ వేసుకుని నలభై గడపలు తిరిగేసరికి పది దాటుతుంది. ఆఖరి యిళ్ళకు ఆకు వాడిపోతుంది. "మా మూడు వీధులూ మామ్మకు అప్పగించరాదుటయ్యా? ఏ యింట్లో కాకరకాయ తినరో, ఏ యింట్లో పథ్యమో ఆవిడకు తెలిసినట్లు నీకు తెలుసా?" అంది.

మామ్మ సులభంగా ఒప్పుకోలేదు. "గంపకు ఎంతిస్తావు బాబూ? నా ఆకుకూర నేను అమ్ముకోవద్దంటే మాత్రం కుదరదు పెద్దమ్మగారూ, ముందే చెబుతున్నా" అని మెట్టుమీద కూర్చుని గంటసేపు బేరమాడింది. చివరకు గంపకు యింత అని కూలి కుదిరింది. సొంత పొన్నగంటి, బచ్చలి ఎప్పటిలా పక్కన అమ్ముకుంటుంది. అబ్బాయి అవి తోటలో వెయ్యడు. ఇప్పుడు మా వీధికి గంప ఏడున్నరకే వస్తున్నది. మానేసిన రెండు యిళ్ళలో ఒకటి మామ్మ మాటమీద మళ్ళీ చేరింది.

తోట నిలబడిందా అని అడిగేవారికి: ఈ మాటలు రాసేనాటికి ముప్ఫైయారు యిళ్ళున్నాయి. నలభై వుంటేగాని వాళ్ళకు నిశ్చింత లేదు. దున్నని మడి తన పని తాను చేస్తుంది. ఆ పని వానపాము చూసుకుంటుంది. గంప తిరగటం మాత్రం మన గడపల చేతిలో వుంది. సొరకాయ వచ్చిన వారం కూడా తలుపు తీస్తామా లేదా అన్నదానిమీద వుంది.

మొన్న మా పెరట్లోనూ ఒక మడి కట్టాం. అట్టలు పరిచింది మనవలు, ఎరువు మోసింది నేను, అజమాయిషీ మా అమ్మది. పని అయ్యాక, "ఇక యీ పలుగూ పారా ఎవరికైనా యిచ్చేద్దామా అమ్మా?" అన్నాను.

"వుంచరా. అరటిపిలక నాటొద్దూ?" అన్నది మా అమ్మ.